తప్పులు దిద్దు యంత్రము



తాటియాకుమీద గంటముతో వ్రాయు దినములలో గ్రంథమును ప్రతిచేసిన లేఖకుడు తుదిని ఒక విన్నపము చేర్చుట మన దేశమున ఆచారము. తన వ్రాతలో తప్పులున్నయెడల పెద్దలు క్షమించి దిద్దుకొనవలయు ననుట ఆ విన్నపము సారాంశము. అచ్చుయంత్రములు వచ్చిన పిమ్మట దానికి బదులుగా పుస్తకముల చివర తప్పొప్పుల పట్టిక వెలసినది. తాటియాకుల కాలమున లేఖకుని వెనుక పండితుడుండెను. అచ్చుకూటమున అక్షరములు కూర్చువాని వెనుక ప్రూఫులు దిద్దువాడుండెను. ఇట్లు వ్రాయువాడొకడు, దిద్దువాడొకడు అను ఏర్పాటు వందల ఏండ్లు నడచినది. ఆ రెండవవాని పని యంత్రమున కెట్లు సంక్రమించెను, అందువలన కలిగిన లాభమేమి, నష్టమేమి, మన తెలుగునకు అందు దొరకిన చోటెంత అను సంగతులను నేడు మీకు విన్నవింప దలచితిని.

దూరదేశములకు పోయిన మన పిల్లలు నేడు వ్రాయు జాబులు తపాలా బంట్రోతు సంచిలో రావు. అవి ఈమెయిలు అను పేర ఒక కంప్యూటరునుండి మఱొక కంప్యూటరునకు క్షణములో చేరును. ఆ జాబు వ్రాయుచుండగా ఏ మాటయందైన అక్షరము తప్పినచో, దాని క్రింద ఎఱ్ఱని అలవంటి గీత యొకటి కనబడును. ఈ ఏర్పాటునకు స్పెల్ చెక్ అని పేరు. ఇది ఇంగ్లీషువారి దేశములలోనే పుట్టుటకు కారణము లేకపోలేదు. మన భాషలో పలికినట్లు వ్రాయుదుము. ఇంగ్లీషులో పలుకుట యొక తీరు, వ్రాయుట మఱొక తీరు. కనుక అక్కడ చదువుకొన్నవారికిని అక్షరక్రమము జీవితాంతము తగులాటముగానే యుండును.

యంత్రమునకు అర్థము తెలియదు. అది చేయగలిగినది పోల్చిచూచుట. ఒప్పైన మాటల జాబితా యొకటి దానికిచ్చి, వ్రాసిన ప్రతి మాటను అందు వెదకుమని చెప్పినచో వెదకును. దొరకిన ఒప్పు, దొరకకున్న తప్పు. ఈ ఉపాయమును ఆచరణలో పెట్టినవారిలో మొదట చెప్పుకొనదగినవాడు అమెరికా దేశీయుడైన లెస్ ఎర్నెస్ట్. ఆయన 1961వ సంవత్సరమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, గొలుసుకట్టు చేవ్రాతను యంత్రముచేత చదివించు ప్రయత్నమున నుండెను. గొలుసుకట్టులో ఏది ఏ అక్షరమో తెలియక యంత్రము తికమకపడునపుడు దాని సందేహము తీర్చుటకై, మిక్కిలి వాడుకలోనున్న ఇంగ్లీషు మాటలు 10,000 ఏర్చి జాబితాగా చేర్చెను. చదువు నేర్పుటకై కూర్చిన ఆ జాబితాయే తప్పులు పట్టుటకు బీజమైనది.

తప్పు పట్టుట ఒక యెత్తు, ఒప్పు చూపుట మఱొక యెత్తు. ఈ రెండవ పనికి దారి చూపినవాడు ఐబీఎం సంస్థలో పనిచేసిన ఫ్రెడ్ డామెరో. వ్రాతతప్పులను పరీక్షించి 1964లో ఆయన ప్రకటించిన వ్యాసమున ఒక విశేషము కలదు. నూటికి 80కి పైగా తప్పులు నాలుగు జాతులలోనే చేరునట! ఒక అక్షరమునకు బదులు వేఱొకటి పడుట, ఒక అక్షరము లోపించుట, ఒకటి అధికముగా చేరుట, ప్రక్కప్రక్కనున్న రెండు అక్షరములు తారుమాఱగుట. మన మాటతో చూపవలెనన్నచో, కమలము అనుదానిని కమలవు అనియు, కమము అనియు, కమమలము అనియు, కలమము అనియు వ్రాయుట వంటివి. ఇట్లగుటచే యంత్రము ఆకాశపాతాళములు వెదుక నక్కఱలేదు. తప్పు మాటనుండి ఒక్క అడుగు దూరమున నున్న మాటలు జాబితాలో ఏవి కలవో చూచి చూపిన చాలును. మఱుసటి యేట, అనగా 1965లో, సోవియట్ దేశమున వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ అను గణితవేత్త రెండు మాటల నడిమి దూరమును లెక్కించు మార్గము నొకదానిని వేఱుగా ప్రకటించెను.

1971వ సంవత్సరము ఈ కథలో రెండు విధముల ముఖ్యమైనది. అమెరికా పడమటి తీరమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో రాల్ఫ్ గోరిన్ అనునతడు ఆ యేట స్పెల్ అను ప్రోగ్రామును వ్రాసెను. ఎర్నెస్ట్ అప్పటికి అక్కడనే పనిచేయుచుండెను. గోరిన్ ప్రోగ్రాము తప్పును పట్టుటయే గాక, నేను చెప్పిన నాలుగు జాతుల ననుసరించి ఒప్పైన మాటను సూచించెడిది. అదే యేట తూర్పు తీరమున కేంబ్రిడ్జి నగరములో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు, ఆర్పానెట్ అను వలయముద్వారా ఒక యంత్రమునుండి మఱొక యంత్రమునకు జాబు పంపెను. ఆ రెండు యంత్రములును ఒకే గదిలో ప్రక్కప్రక్కన నుండినవే. అయినను జాబు వలయమున తిరిగియే చేరినది. పేరునకును ఊరునకును నడుమ నేడు లోకమంతయు వాడు సున్న చుట్టిన గుర్తును ఆ పనికి ఎన్నుకొన్నవాడు ఆయనయే. విద్యుత్తు జాబును, దానిని దిద్దు పరికరమును ఇట్లు ఒకే యేట లోకమునకు వచ్చినవి. కాని ఆ రెండును కలిసి యొకచోట కాపురము చేయుటకు ఇంకను చాల కాలము పట్టెను.

పిమ్మటి అధ్యాయము న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో జరిగినది. 1975లో స్టీఫెన్ జాన్సన్ అనునతడు ఒక మధ్యాహ్నమున ఒక చిన్న ప్రోగ్రామును సిద్ధము చేసెను. వ్యాసములోని మాటలన్నిటిని విడదీసి, అకారాదిగా పేర్చి, మఱల మఱల వచ్చినవానిని తీసివేసి, నిఘంటువుతో సరిచూచుట దాని పద్ధతి. దానిని మెఱుగుపఱచినవాడు డగ్లస్ మెకిల్‌రాయ్. నాటి యంత్రముల జ్ఞాపకశక్తి మిక్కిలి స్వల్పము. ప్రోగ్రామునకు దొరకు చోటు 64 కిలోబైట్లు. నేడు చేతిలోని ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రము దానికి అనేక రెట్లుండును. అంతటి ఇఱుకులో నిఘంటువును ఇముడ్చుట యెట్లు? ఆయన మొదట మాటల తలలను తోకలను, అనగా ఉపసర్గ ప్రత్యయములను, విడదీసి 75,000 మాటల పనిని 30,000 మాటలతో నడపెను. పిమ్మట ఆ 30,000 మాటలను అక్షరములుగా నుంచక ఒక్కొక్కదానిని ఒక సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యలనుగూడ కుదించి దాచెను. ఆ సంఖ్యలు 13 కోట్లకు మించిన పరిధిలో చెల్లాచెదరుగా పడును గనుక, తప్పుమాట యేదైన పొరపాటున ఒప్పుగా చెల్లుటకు నాలుగు వేలలో ఒకపాలు కన్న తక్కువ అవకాశము. కొలది నేలలో ఎక్కువ పంట తీసిన రైతు నేర్పు వంటిది ఈ నేర్పు.

ఇక ఈమెయిలు సంగతికి వత్తము. 1989లో సియాటిల్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు పైన్ అను జాబుల ప్రోగ్రామును మొదలుపెట్టిరి. విశ్వవిద్యాలయ కార్యాలయములలోని సామాన్యోద్యోగులు సులభముగా వాడుకొనవలయునని వారి ఉద్దేశము. జాబు వ్రాయుచు రెండు మీటలు కలిపి నొక్కినచో తప్పులు పరీక్షింపబడెడివి. కాని ఆ పరీక్ష చేయునది పైన్ కాదు. పైన్ ఆ జాబును అదే యంత్రములో వేఱుగా నున్న దిద్దుబాటు ప్రోగ్రామునకు అప్పగించి, దిద్దిన తరువాత తిరిగి తీసికొనెడిది. గోరిన్ కృషినుండి వంశపరంపరగా వచ్చిన ఇస్పెల్ అను ప్రోగ్రామును పలువురు దీనికై వాడుచుండిరి.

జాబు వ్రాయువాడొక యింటను, నిఘంటువు పట్టుకొని కూర్చున్న పండితుడు మఱొక యింటను ఉన్నట్లు ఊహింపుడు. జాబు దిద్దబడవలెనన్నచో పండితుడు ఊరిలో నుండవలయును. అతని యింటికి దారి తెలిసియుండవలయును. అతని చేతిలోనున్న నిఘంటువు మన జాబు భాషకు సంబంధించినదై యుండవలయును. వీనిలో ఏ యొక్కటి తప్పినను పని జరుగదు. ఈమెయిలులో తప్పులు దిద్దుట పనిచేయుటలేదని నేటికిని ప్రజలు మొఱపెట్టుకొనునపుడు కారణము తఱచుగా ఈ మూటిలో నొకటియే.

దీనికి చక్కని నిదర్శన మొకటి కలదు. మైక్రోసాఫ్ట్ వారి విండోస్‌తో కూడ అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అను జాబుల ప్రోగ్రాము వచ్చుచుండెను. దానికి సొంత నిఘంటువు లేదు. అదే సంస్థవారు వేఱుగా విక్రయించు ఆఫీసు అను ప్రోగ్రాముల సంపుటము యంత్రములో నున్నచో, అందలి నిఘంటువును ఇది అరువు తెచ్చుకొనెడిది. ఆ సంపుటమునకు 2007వ సంవత్సరపు క్రొత్త కూర్పు వచ్చినపుడు నిఘంటువుల అమరిక మాఱిపోయెను. క్రొత్త కూర్పును పెట్టుకొన్నవారు ఒకనాడు జాబు వ్రాసి చూడగా, తప్పులు దిద్దుటకు ఇంగ్లీషు లేదు, ఫ్రెంచి యొక్కటియే మిగిలియున్నది! ఇంగ్లీషున వ్రాసినవాని జాబును ఫ్రెంచి పండితునిచేత దిద్దించుకొనుమన్నట్లయ్యెను. జాబుల ప్రోగ్రాములో ఏ లోపమును పుట్టలేదు. ఇరుగింట నిఘంటువు చోటు మాఱినది, అంతమాత్రమే. అరువు సొత్తుమీద ఆధారపడిన సంసారము ఎట్లుండునో ఈ చిన్న కథవలన తెలియును.

దిద్దు సమయముగూడ క్రమముగా మాఱినది. తొలిదినములలో జాబంతయు వ్రాసి ముగించిన పిమ్మట పరీక్షకు పంపెడివారు. 1995లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వర్డ్ కూర్పులో, వ్రాయుచుండగనే తప్పుమాట క్రింద ఎఱ్ఱని అలగీత పడు పద్ధతి వచ్చెను. మొజిల్లావారి థండర్‌బర్డ్ అను జాబుల ప్రోగ్రామునకు 2006లో వచ్చిన కూర్పునందును ఈ పద్ధతి చేరినది. వెనుకటి పండితుడు వ్రాత ముగియు వఱకు వేచియుండెడివాడు. ఈ క్రొత్త పండితుడు భుజముమీదినుండి తొంగిచూచుచు మాట మాటకు దగ్గుచుండును. ఇందువలన వేగము పెరిగిన మాట నిజము. చూచువానికి బెదురు పుట్టిన మాటయు నిజమే.

ఇంతవఱకు చెప్పిన యంత్రములన్నియు ముఖ్యముగా ఇంగ్లీషునకై పుట్టినవి. ఇంగ్లీషులో ఒక నామవాచకమునకు రూపములు కొలదిగా నుండును. అన్ని భాషలును అట్టివి కావు. ఐరోపాలో హంగరీ దేశపు భాష ఒక మాటకు ప్రత్యయము వెంట ప్రత్యయము తగిలించుకొని పెరుగును. దాని రూపములన్నిటిని జాబితా వేయబూనుట ఇసుక రేణువులను లెక్కించుట వంటిది. ఆ దేశీయుడైన లాస్లో నేమెత్ అనునతడు తన భాష కష్టము తీర్చుకొనుటకై, ఓపెన్ ఆఫీసు వారి మైస్పెల్ అను పరికరమును ఆధారముగా గొని హన్‌స్పెల్ అను క్రొత్త పరికరమును నిర్మించెను. దానికి రెండు పుస్తకములు కావలయును. మొదటిదానిలో మూలపదములు, రెండవదానిలో ఆ పదములకు ఏ ప్రత్యయములు ఎట్లు చేరునో తెలుపు సూత్రములు. మనవారి భాషలో చెప్పినచో ఒకటి నిఘంటువు, రెండవది వ్యాకరణము. చిన్న దేశపు భాషకై పుట్టిన ఈ పరికరమునే పిమ్మట ఫైర్‌ఫాక్సు, థండర్‌బర్డ్, క్రోము మొదలగు ప్రపంచ ప్రసిద్ధములైన ప్రోగ్రాములు స్వీకరించెను. కష్టమైన భాషకు సరిపోయిన కొలబద్ద సులభమైన భాషలకు సరిపోకుండునా?

మన తెలుగును హంగరీ భాషవంటిదే. ఇల్లు అను ఒక్క మాటను చూడుడు. ఇంటికి, ఇంటిలో, ఇంటినుండి, ఇండ్లు, ఇండ్లకు, ఇంటివారు, ఇంటివారికి, ఇంటివారికైనను. ఇక సంధి యొకటి. ఏమి అంటివి అను రెండు మాటలు కలిసి ఏమంటివి అగును. అతడు ఎక్కడ అనునవి అతడెక్కడ యగును. ఇట్టి రూపములను మాటల జాబితాలో వెదకుచు పోయిన యంత్రము పుటలోని సగము మాటల క్రింద ఎఱ్ఱగీతలు గీయును. ఒప్పును తప్పని చెప్పు పండితుని మాట ఎవరు విందురు? వాడువారు విసిగి ఆ పరికరమును ఆపివేయుదురు. హన్‌స్పెల్‌కు తెలుగు మాటల జాబితాలు తయారైనవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమున తెలుగు పదములను ప్రకృతి ప్రత్యయములుగా విడదీయు ప్రోగ్రాములపై కృషి జరిగినది. ఐనను ఇంగ్లీషునకు అమరిన సౌకర్యము తెలుగునకు ఇంకను అమరలేదు.

అక్షరముల లోపలి సంగతి యొకటి చెప్పవలయును. కంప్యూటరు లోపల ప్రతి అక్షరమును ఒక సంఖ్య. లోకమునందలి లిపుల కన్నిటికి సంఖ్యలు కేటాయించు యూనికోడ్ అను కట్టడి 1991లో వెలువడినపుడు అందు తెలుగునకును చోటు దొరకినది. కాని ఐత్వమును చూడుడు. దానికి ఒకే సంఖ్య నీయవచ్చును. లేదా ఎత్వమునకు ఒక సంఖ్యయు, క్రింది గుర్తునకు మఱొక సంఖ్యయు నీయవచ్చును. రెండును కంటికి ఒక్కటే. ఈ రెండును సమానములని ముందుగా నేర్పకున్నచో యంత్రము వానిని వేర్వేఱు మాటలుగా నెంచి, నిర్దోషమైన మాటను దోషమనును. మన కన్ను చూడనిది యంత్రము చూచును. మన కన్ను చూచునది యంత్రము చూడలేదు.

వీనికన్న పెద్ద చిక్కు ఇంకొకటి గలదు. ఏది ఒప్పు? పరవస్తు చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858లో వెలువడెను. దాని ననుసరించువారు అరసున్నలను, బండిఱలను పాటించి వీఁడు, చెఱువు అని వ్రాసిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికమునకై జీవితాంతము పోరాడి 1940లో కాలధర్మము నొందిరి. నేడు బడిపిల్లలు వీడు, చెరువు అని వ్రాయుదురు. వాండ్లు, వాళ్లు, వాళ్ళు అని మూడు తీరుల వ్రాయువారు మనలోనే కలరు. పండితులు వాదించుకొన్నపుడు సభలు జరిగినవి, పత్రికలలో ఖండనమండనములు నడచినవి. ప్రజలు ఉభయుల మాటలను విని తమ దారి ఎన్నుకొనిరి. యంత్రము చేతిలోని జాబితాను కూర్చునపుడు అట్టి సభ జరుగదు. ఎక్కడనో కూర్చున్న యొకరు ఒక రూపమును చేర్చి మఱొకదానిని విడిచిన చాలును, విడిచినదాని క్రింద ఎఱ్ఱగీత పడును. ఆ గీతను ప్రతిదినము చూచు బాలుడు తన తాతగారు వ్రాయు మాట తప్పనియే నమ్మును. తన ఊరిపేరు క్రింద గీత పడినచో ఊరిపేరునే మార్చి వ్రాయును. భయపడవలసిన దిక్కడనే.

యంత్రము మాటను గ్రుడ్డిగా నమ్మినవారు పెద్ద కార్యాలయములలోనే నవ్వులపాలైరి. సహకారమను అర్థముగల ఇంగ్లీషు మాట కోఆపరేషన్. పూర్వపు దిద్దుబాటు ప్రోగ్రాములు కొన్నిటి జాబితాలో ఈ మాట నడుమ అడ్డగీతతో మాత్రమే యుండెను. అడ్డగీత లేక వ్రాసినపుడు అవి దానిని తప్పని యెంచి, కాలిఫోర్నియాలోని కూపర్టినో అను ఊరిపేరును సూచించెడివి. వ్రాయువారు చూడక అంగీకరించుటచే, దేశముల నడుమ సహకారము అనుచోట దేశముల నడుమ కూపర్టినో అని ఐరోపా సమాఖ్యవారి పత్రములలో గూడ వెలసెను. అక్కడి అనువాదకులు ఇట్టి తప్పులకు కూపర్టినో చేష్ట అనియే పేరుపెట్టిరి. ఇది ఒప్పును తప్పుగా దిద్దుట. తప్పును ఒప్పుగా విడుచుటయు కలదు. కమలము అని వ్రాయబోయి నడిమి అక్షరము జాఱవిడిచి కలము అని వ్రాసితిమేని యంత్రము పలుకదు, కలమును జాబితాలోని మాటయే గనుక. మా కోడలు వచ్చినది అనుటకు మా గోడలు వచ్చినవి అని వ్రాసినను దానికి చీమకుట్టినట్లైనను ఉండదు. అర్థము నెఱిగి దిద్దు ప్రోగ్రాములు ఇటీవల వచ్చుచున్నవి. అవియు పొరపాటు పడుచునే యున్నవి.

కాబట్టి ఈ పరికరమును విడువవలెనా? విడువరాదు. చేతికి అందివచ్చిన సాయమును కాదనుట వివేకము కాదు. దీనిని వాడు విధము నెఱుగవలయును. జాబుల ప్రోగ్రాములో మొదట తెలుగు నిఘంటువును చేర్చుకొని, వ్రాయు భాష తెలుగని అందు నిర్ణయింపవలయును. భాష నిర్ణయింపకయే వ్రాసి, అంతయు ఎఱ్ఱబడినదని వాపోవువారు పెక్కుమంది కలరు. ఒప్పైన మాటక్రింద గీత పడినచో ఆ మాటను మన సొంత జాబితాకు చేర్చు ఏర్పాటు ఇట్టి ప్రోగ్రాములన్నిటను సామాన్యముగా నుండును. మీ ఊరిపేరును, ఇంటిపేరును, కులదైవము పేరును ఒక్కమాఱు చేర్చించిన చాలును. తరువాత ఆ గీత పడదు.

తుదకు పెద్దలైన మీకు ఒక మనవి. ఎర్నెస్ట్ 10,000 మాటలతో ఆరంభించెను. సి. పి. బ్రౌను దొర పండితులను కూర్చుకొని వ్రాతప్రతులను పరిష్కరింపజేసి, తెలుగు మాటలను ఏఱి 1852లో నిఘంటువును వెలువరించెను. ఏ జాబితాయైనను ఎవరో యొకరు మాటలను ఇచ్చుటచేతనే నిండును. మేడి, కాడి, కఱ్ఱు, గొఱ్ఱు, గుంటక, కపిల, ఏతము – ఇట్టి మాటలు మీ నోట నున్నవి. మీ మనుమల వ్రాతలో లేవు. వ్రాతలో లేని మాట జాబితాకు ఎక్కదు. జాబితాకు ఎక్కని మాట తప్పని ముద్ర వేయించుకొనును. అందుచేత మీ పొలముల పేర్లను, పనిముట్ల పేర్లను, చేపల పేర్లను, ధాన్యముల పేర్లను మీ పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయింపుడు. వారు మీకు జాబు వ్రాయునపుడు ఆ మాటలను వాడుమని కోరుడు. వారికి గీత కనబడినపుడు మాటను మార్చక, జాబితాకు చేర్చుమని చెప్పుడు. నిఘంటువును నింపు భారము పండితులది మాత్రమే కాదు. మాట నెఱిగిన ప్రతివానికి అందు పాలు కలదు.